కొవ్వొత్తితో జుట్టు చివర్లు కాల్చమనే మెసేజ్‌కి నా జవాబు

"పార్లర్ ఖర్చు దండగ, ఇంట్లోనే జుట్టు కత్తిరించుకునే ఆరు చిట్కాలు" అనే మెసేజ్ ఈ వారంలో నాకు నాలుగోసారి వచ్చింది. పంపినవాళ్లందరూ నా మంచి కోరేవాళ్లే కాబట్టి మూడుసార్లు ఊరుకున్నాను. నాలుగోసారి పంపింది మా అక్క. కింద "ఈ ఆదివారం పిల్లకి చేస్తా" అని కూడా రాసింది. ఇక ఊరుకోవడం నా వల్ల కాదు.

చిన్నవి ముందు తేల్చేస్తాను. నెలనెలా చివర్లు కత్తిరిస్తే జుట్టు త్వరగా పెరుగుతుందట. జుట్టు పెరిగేది కుదురు దగ్గర. చివర ఉన్నది ప్రాణం లేని పోగు, దాన్ని కోసిన సంగతి కుదురుకి తెలియనే తెలియదు. కత్తిరించినా మానేసినా పెరిగేది నెలకి సుమారు ఒక సెంటీమీటరే. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్నదీ అంతే. సన్నటి కొన పోయి, మొద్దుగా తెగిన అంచు పైకి వస్తుంది కాబట్టి చేతికి గరుకుగా తగులుతుంది. వెంట్రుక లావూ మారదు, లెక్కా మారదు.

తడి జుట్టు మీదే కత్తిరించాలన్నది సాఫీ జుట్టు వాళ్లకి పర్వాలేదు. ఉంగరాల జుట్టు తడిసినప్పుడు సాగి ఉంటుంది, ఆరాక చుట్టుకుని పైకి పోతుంది. కనుబొమల దాకా ఉండాలని కోసిన ముంగురులు నుదుటి మధ్యలో ఆగిపోతాయి.

వంటింటి కత్తెర చాలట. ప్యాకెట్లు కోసి కోసి మొద్దుబారిన కత్తెరతో ఒక పాయ కోసి చూడండి. జుట్టు తెగకుండా కత్తెర మొన వైపు జారిపోతుంది. తెగిన నాలుగు వెంట్రుకలూ నలిగి తెగుతాయి, ఆ నలిగిన చోటే మళ్లీ చిట్లుతాయి. జుట్టుకి వేరే కత్తెర ఉండాలి, దాంతో కాగితం కూడా కోయకూడదు.

ఇక అసలు విషయం. ఐదో చిట్కా ఇది: "చిన్న పాయ తీసుకుని గట్టిగా మెలితిప్పండి. బయటికి పొడుచుకొచ్చిన చివర్ల మీద కొవ్వొత్తి మంట ఆడించండి. చివర్లు సీల్ అయిపోతాయి, ఇక చిట్లవు."

నైలాన్ తాడు చివర కాలిస్తే కరిగి అతుక్కుంటుంది. జుట్టు నైలాన్ కాదు. గోళ్లలో ఉండే కెరటిన్ అనే ప్రొటీనే జుట్టులోనూ ఉంటుంది. అది కరగదు, మాడుతుంది. అందులోని గంధకం వల్లే ఆ భరించలేని కంపు. నమ్మకం లేకపోతే దువ్వెనలో చిక్కిన ఒక్క వెంట్రుకను పట్టకారుతో పట్టుకుని, తలకి దూరంగా, అగ్గిపుల్ల మంట దగ్గరికి తీసుకెళ్లండి. ఇలా మంట సోకుతుందో లేదో అలా వంకర్లు తిరిగి ముడుచుకుపోతుంది. చివర నల్లటి బుడిపె మిగులుతుంది. వేళ్లతో నలిపితే పొడి అయిపోతుంది. ఆ పొడినేనా సీల్ అంటున్నారు? బుడిపెకి కాస్త పైన ఉన్న భాగం కూడా వేడికి పెళుసెక్కి ఉంటుంది, రేపు దువ్వితే అక్కడే విరుగుతుంది.

జుట్టు పాడైతే మళ్లీ వస్తుంది, చర్మం సంగతేమిటి? నా స్నేహితురాలు ఇలాంటి చిట్కానే చూసి చేసింది. తలకి స్ప్రే కొట్టుకుని ఉంది, అందులో ఆల్కహాల్ ఉంటుందని తట్టలేదు. పాయ ఒక్కసారిగా భగ్గుమంది. చెవి వెనక నాణెమంత మచ్చ ఇప్పటికీ ఉంది. ఆమె పెద్దది, కదలకుండా కూర్చుంది. ఆరేళ్ల పిల్ల కూర్చుంటుందా? పిల్ల మెడ పక్కన నిప్పు పెట్టమని చెప్పేదాన్ని చిట్కా అని పదిమందికి పంపడానికి చేతులెలా వస్తున్నాయి? ఇప్పటికే ఎవరికైనా కాలి ఉంటే, వెంటనే చల్లటి కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచండి. టూత్‌పేస్ట్ పూయకండి.

ఆరోది, ఇంటిల్లిపాదికీ ఒకే బ్లేడు, వేడినీళ్లలో ముంచితే చాలని. చాలదు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతుకుతుంది. కంటికి కనిపించని రక్తపు చుక్క చాలు. ఎవరి బ్లేడు వాళ్లదే.

ఇంత కోప్పడ్డాక ఒకటి ఒప్పుకోవాలి. పాయను మెలితిప్పమన్నారే, అది నిజంగా మంచి పద్ధతి. ఈ మెసేజ్ చూసేదాకా నాకు తెలియదు. మొన్న కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని చేసి చూశాను. వేలెడు పాయను మెలితిప్పి కింది నుంచి పైకి నిమిరితే, చిట్లిన కొనలు ముళ్లలా లేచి నిలబడ్డాయి. చిట్లిన చోటుకి అర సెంటీమీటరు పైన పదునైన కత్తెరతో ఒక్కొక్కటే తుంచాను. అరగంట పట్టింది. పొడవు తగ్గలేదు, దువ్వెన చిక్కుపడటం తగ్గింది.

అక్కా, ఆదివారం నేనే వస్తాను. కత్తెర నేను తెస్తాను. నువ్వు ఆ కొవ్వొత్తి తీసి లోపల పెట్టు.