ముక్కు బరువు

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట అంతర్జాతీయ విమానాశ్రయం కడుతున్నారని విన్ననాటి నుంచి, విజయనగరంలో కాపురముంటున్న మా బావగారికి సొంతంగా ఒక విమానం తయారు చేయాలన్న కోరిక పట్టుకుంది. ఆయన పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారు కనుక, ఆ కోరిక మర్నాటికల్లా గళ్ల కాగితం మీద కొలతలతో సహా వెలిసింది. రెక్కల పొడవు ఈ చివరి నుంచి ఆ చివరికి 90 సెంటీమీటర్లు, వెడల్పు 15. ఇంజను లేదు, మెలిపెట్టిన రబ్బరు విప్పుకుంటూ పంకాను తిప్పాలి.

దీన్ని ఆటబొమ్మ అంటే ఆయనకు కోపం. 1871లో అల్ఫాన్స్ పెనో అనే ఫ్రెంచి యువకుడు పారిస్‌లోని ట్యులరీ తోటలో ఇలాంటి రబ్బరు విమానాన్నే వదిలితే, అది 11 సెకన్లలో 40 మీటర్లు పోయిందనీ, 1903లో రైట్ సోదరుల తొలి ప్రయాణం 120 అడుగులే కనుక దూరంలో అది ఈ బొమ్మ కంటే తక్కువేననీ ఆయన అక్కయ్యకు కాఫీ తాగుతూ వివరించారు. అక్కయ్య అంతా విని, "అది సరేనండీ, ఆ పారిస్ అబ్బాయి కూడా వాళ్లింట్లో చీపురు పుల్లలే పీకాడా?" అని అడిగింది. రెక్కలు వంగకుండా ఉండడానికి వాటి పొడవునా కొబ్బరి ఈనెలు అతికించాలన్నది బావగారి నిర్ణయం. ఇంట్లో కొత్త చీపురు అప్పటికే సగమైంది.

రెక్కలకు కొత్త ఫ్రిజ్‌తో వచ్చిన థర్మోకోల్, నడుముకు వెదురు బద్ద, రబ్బరుకు పాత సైకిలు ట్యూబు కుదిరాయి. చిక్కంతా జిగురుతో వచ్చింది. చెప్పులు అతికించే ఘాటైన జిగురు గట్టిగా పడుతుందని ఎవరో చెబితే, ఆయన రెక్కలకు దాన్నే దట్టంగా పూసి, ఆరడానికి వంటింటి అటక మీద పెట్టి పడుకున్నారు. తెల్లారేసరికి జిగురు పూసిన చోటల్లా థర్మోకోల్ గుంటలు గుంటలుగా తినేసి ఉంది. అక్కయ్య ఒక్క చూపుతో ఎలుకలని తేల్చి, బజారు నుంచి బోను తెప్పించి, అందులో పకోడీ పెట్టింది. ఆ రాత్రే ఒక ఎలుక అందులో పడడంతో నేరం రుజువైపోయింది. అలాంటి జిగురులోని ద్రావణి థర్మోకోల్‌ను కరిగించేస్తుందన్న సంగతి బావగారికి మధ్యాహ్నానికే తెలిసింది గాని, బోను చేతపట్టుకుని పెద్ద చెరువు వైపు వెళ్లి ముద్దాయిని విడిచిపెట్టి వచ్చేదాకా ఆయన ఆ విషయం నోరు విప్పలేదు. ఈ దేశంలో ఎలుకకు వకీలు దొరకడం కష్టం. రెండో జత రెక్కలకు చెక్కపనివాళ్లు వాడే తెల్ల జిగురు పూశారు.

ఆదివారం ఉదయం అయోధ్య మైదానానికి బయలుదేరాము. అక్కడ క్రికెట్ ఆడుతున్న కుర్రాళ్లు ఆట ఆపి చుట్టూ మూగారు. బావగారు పంకాను వేలితో ఓపికగా తిప్పి, గాలికి ఎదురు నిలిచి విమానాన్ని వదిలారు. అది ముక్కు పైకెత్తి, ఆకాశాన్ని ఏదో అడగబోయినట్టు ఒక్క క్షణం ఆగి, తోక మీద కూలబడింది. రెక్క ముందంచు నుంచి వెడల్పులో మూడో వంతు దగ్గర, అంటే 5 సెంటీమీటర్ల చోట, రెండు వేళ్ల మీద నిలబెడితే విమానం సమంగా ఆగాలట. ఇదేమో తోక వైపుకు ఒరిగిపోతోంది. ముక్కుకు బరువు కావాలి. పది రూపాయల నాణెం 7.71 గ్రాములని లెక్కగట్టి, ఆయన తన జేబులో ఉన్న నాలుగు నాణేలనూ, అంటే దాదాపు 31 గ్రాములను, ముక్కులో దోపి టేపు చుట్టారు. వేళ్ల మీద విమానం త్రాసు ముల్లులా నిలిచింది.

ఈసారి అది నిజంగానే ఎగిరింది. బౌలరు తల మీదుగా, అంపైరు మీదుగా, గోడ మీదుగా సాగి, అవతలి వీధిలోని ఒక డాబా మీద ఎండుతున్న గుమ్మడి వడియాల మధ్య దిగింది. ఆ ఇంటి ఇల్లాలు వడియాలకూ విమానానికీ కలిపి తిట్లు మొదలుపెట్టేలోపు, లాంగాన్‌లో నిలబడిన ఒక కుర్రాడు గోడెక్కి, పిట్టగోడ పట్టుకుని పైకి పాకి, దాన్ని పట్టుకొచ్చి బావగారి చేతిలో పెట్టాడు.

"ముక్కు మరీ బరువుగున్నాది బావూ, తీసీసినాను" అని చెప్పి వెళ్లిపోయాడు.

బావగారు విమానాన్ని మళ్లీ రెండు వేళ్ల మీద నిలబెట్టారు. అది తోక వైపుకు ఒరిగింది. జేబులన్నీ తడుముకున్నారు, ఫోన్‌పే ఉంది గాని, అందులోని డబ్బుకు గ్రాము బరువు లేదు. గేటు దగ్గర ఫీల్డర్లందరికీ ఆ కుర్రాడు పుల్ల ఐసు కొనిపెడుతున్నాడు.