నల్లాలో వచ్చేవి ఏ నీళ్లో చెప్పాలి

పొయ్యి మీద పెట్టిన పప్పు ఎంతసేపైనా ఉడకకపోతే, ఆ పూట నల్లాలో బోరు నీళ్లు వచ్చాయని ఇంట్లో ఆడవాళ్లు ఇట్టే పట్టేస్తారు. అలాంటి నీళ్లతో సబ్బు నురగ రాదు. తోమి ఆరబెట్టిన స్టీలు గిన్నెల మీద తెల్లటి మరకలు తేలతాయి. గీజర్ కాయిల్‌కు సున్నం పట్టి ఏడాది తిరక్కుండానే రిపేరుకు వస్తుంది. హైదరాబాద్ వైపు వెళ్లే రోడ్ల వెంట వేగంగా పెరుగుతున్న ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చిన్న పట్టణాల్లో ఇది ఇంటింటి ఫిర్యాదు. ఒకరోజు కృష్ణా నీళ్లు, మరోరోజు బోరు నీళ్లు, ఇంకోరోజు రెండూ కలిసినవి వస్తాయి. ఏ రోజు ఏవి వదులుతున్నారో జనానికి చెప్పేవాళ్లు లేరు. అది చెప్పి తీరాలని మేం కోరుతున్నాం.

బోరు నీళ్లు ఎందుకు కలుస్తున్నాయో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. మున్సిపాలిటీల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన ఇవ్వాలన్నది తెలంగాణ ప్రభుత్వ తాగునీటి పథకం మిషన్ భగీరథ లక్ష్యం. పట్టణం దాకా కృష్ణా నీళ్లు తేవడం భగీరథ పని, అక్కడి నుంచి వీధివీధికీ పంచడం మున్సిపాలిటీ పని. నిన్నటి వెంచర్లు ఇవాళ కాలనీలయ్యాయి, జనం పెరిగారు, వచ్చే నీళ్లు చాలడం లేదు. ట్యాంకు నిండకపోతే కాలనీ మొత్తం లైన్‌మన్ మీద పడుతుంది. ఆయన బోరు మోటారు ఆన్ చేయక ఏం చేస్తాడు? ఆయన్ని మేం తప్పుపట్టడం లేదు. కలిపిన సంగతి జనానికి చెప్పకపోవడమే తప్పు. అడిగితే భగీరథ అధికారులు మున్సిపాలిటీని చూపిస్తారు, మున్సిపాలిటీ భగీరథను చూపిస్తుంది.

నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువైతే అది కఠినత్వం. లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే నీటి వనరు లేని చోట 600 దాకా సర్దుకోవచ్చని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. కఠినత్వానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యపరమైన పరిమితి ఏదీ పెట్టలేదు. ఉప్పు నీళ్లు చిరాకు పెడతాయి, ఖర్చు పెంచుతాయి, కానీ వాటి కఠినత్వం విషం కాదు.

మన నేలలో విషం ఫ్లోరైడ్. గ్రానైట్ రాళ్ల నుంచి అది భూగర్భజలంలోకి దిగుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, గత్యంతరం లేకపోతే 1.5 వరకు అనుమతిస్తారు. దానికి రంగు, వాసన లేవు, నాలుకకూ తెలియదు. పైగా కాల్షియం ఎక్కువున్న నీళ్లలో ఫ్లోరైడ్ అంతగా నిలవదు. కాల్షియం తక్కువగా ఉండి, రుచికి తియ్యగా అనిపించే బోరు నీళ్లలోనే ఎక్కువ ఉండే అవకాశం ఉంది. అందుకే పప్పు ఉడికింది కదా, మంచి నీళ్లేలే అనుకోవడం ప్రమాదం. కాచి తాగితే సరిపోతుందన్నది ఇంకో అపోహ. కాస్తే కఠినత్వం కొంత తగ్గి గిన్నె అడుగున సున్నంగా మిగులుతుంది. ఫ్లోరైడ్ మాత్రం పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో దాని మోతాదు పెరుగుతుంది. పసిపిల్లల పాలపొడిని ఈ నీళ్లతో కలిపే తల్లులకు ఈ మాట ఎవరైనా చెప్పారా?

నల్గొండ జిల్లాకు ఇవి తెలియని సంగతులు కావు. ఫ్లోరైడ్‌తో వంగిన కాళ్లు, బిగుసుకుపోయిన వెన్నులు, గారపళ్లు చూస్తూ మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాలు తరాలు గడిపాయి. తాగునీటి కోసం జలసాధన సమితి పిలుపుతో 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి ఏకంగా 480 మంది పోటీలో నిలిచారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని ప్రపంచం నల్గొండ టెక్నిక్ అనే పిలుస్తోంది. 2015 జూన్‌లో వాటర్ గ్రిడ్ (తర్వాత మిషన్ భగీరథ అయింది) పైలాన్‌ను చౌటుప్పల్‌లో ఆవిష్కరించడం వెనక ఉన్నదీ ఈ చరిత్రే. భగీరథ నీళ్లు వచ్చాక పరిస్థితి ఎంతో మారింది. ఆ మేలును మేం మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాం. కానీ మారింది నల్లాలో వచ్చే నీరు, భూమిలోని నీరు కాదు. అదే బోరు నీటిని తిరిగి అదే పైపులోకి వదిలితే ఇన్నేళ్ల పోరాటంతో సాధించుకున్నది చెప్పాపెట్టకుండా చేజారుతుంది.

నల్లా మీద నమ్మకం లేక జనం క్యాన్ల మీద పడ్డారు. కిరాయి ఇంట్లో ఉండే కూలి కుటుంబం కూడా రోజూ 20 లీటర్ల క్యాన్ కొంటోంది. సీలు లేని ఆ క్యాన్ నీళ్లను ఎవరు పరీక్షించారు? కొనగలిగినవాళ్లు ఇంట్లో ఆర్‌వో పెట్టించుకుంటున్నారు. ఒక లీటరు శుద్ధయ్యేలోపు రెండు మూడు లీటర్లు మోరీలోకి పోతాయి. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్న నీటికి ఆర్‌వో అక్కర్లేదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. తన నల్లా నీళ్లలో ఎంత ఉందో తెలియని మనిషి ఆ మాటను ఎలా పాటించగలడు?

పల్లెలకు నల్లా నీరిచ్చే జల్ జీవన్ మిషన్ కింద గ్రామానికి ఐదుగురు మహిళలకు ఫీల్డ్ టెస్ట్ కిట్లతో నీటిని పరీక్షించడం నేర్పాలన్నది కేంద్రం నిబంధన. ఊరు మున్సిపాలిటీగా మారగానే ఆ ఏర్పాటు పరిధి దాటిపోతుంది. పన్నులు పెరిగిన పట్టణవాసికి పల్లెపాటి సమాచారం కూడా దక్కకపోవడం అన్యాయం.

ప్రతి ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర ఒక బోర్డు పెట్టాలి. ఈ వారం వదిలినవి ఏ నీళ్లు, బోరు ఎంత కలిసింది, కఠినత్వం, ఫ్లోరైడ్, నైట్రేట్, క్లోరిన్ ఎంతెంత అన్నది తేదీతో సహా రాయాలి. అవే వివరాలు వార్డు వాట్సాప్ గ్రూపుల్లోనూ పెట్టాలి. ట్యాంకు దగ్గర నమూనా తీస్తే చాలదు, పైపు చివరి ఇంటి నల్లా దగ్గర కూడా తీయాలి. పైపు పగిలితే మురుగు కలిసేదీ, క్లోరిన్ తగ్గేదీ ఆ దారిలోనే. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఆ చివరి నల్లా దాకా మిగలాలి. బోరు తప్పనిసరైన రోజున దాన్ని వేరే వేళలో, వాడకానికే అని ముందే చెప్పి వదలాలి. ఫ్లోరైడ్ 1.5 దాటిన బోరును తాగునీటి లైను నుంచి వెంటనే తీసేయాలి. వచ్చే నీళ్లు చాలక ఈ కలపడం ఎక్కువయ్యేది ఎండాకాలంలోనే. కాబట్టి మార్చి రాకముందే ప్రతి మున్సిపాలిటీ తన బోర్లన్నిటినీ పరీక్ష చేయించి, ఫలితాలను వార్డుల వారీగా బయటపెట్టాలి.