కంటితో ఒంటె బరువు కట్టకండి

ఆర్కే బీచ్‌లో ఒంటెను చూడగానే "ఎనిమిది వందల కిలోలుంటుందిలే" అనేస్తారు. ఫొటో కింద రాసుకుంటే పోనీ. గజ్జి మందుకీ అదే అంకె చెబితే నాకు ఒళ్ళు మండుతుంది. ఐవర్‌మెక్టిన్ 1 శాతం ఇంజెక్షన్ 50 కిలోలకి 1 మి.లీ. లెక్క. బరువు ఎక్కువ చెబితే మందు ఎక్కువైపోతుంది. తక్కువ చెబితే గజ్జి పురుగు చావదు సరికదా, మందుకే అలవాటు పడుతుంది.

టేపు తీయండి, మూడే కొలతలు. నేల నుంచి భుజం పైదాకా ఎత్తు. ముందుకాళ్ళ వెనక, రొమ్ము కింద కాయగట్టిన మెత్త దాటగానే ఛాతీ చుట్టుకొలత. మూపురం కొన మీదుగా పొట్ట చుట్టుకొలత. మీటర్లలో ఈ మూడింటినీ గుణించి, మళ్ళీ 50తో గుణిస్తే కిలోలు. 1.85, 2.05, 2.50 వచ్చాయనుకోండి, 474 కిలోలు. అంటే మందు తొమ్మిదిన్నర మి.లీ. ఎనిమిది వందలనుకుంటే పదహారు!

ఇసుకలో మాత్రం కొలవకండి. పాదం దిగబడి ఎత్తు తగ్గుతుంది, అలల వైపు వాలు వేరే. బీచ్ రోడ్డు పక్కన చదునైన సిమెంటు నేల మీద, జీను దించి, నాలుగు కాళ్ళూ సమంగా పెట్టించి నిలబెట్టండి. ఎత్తుకి నిలువు కర్ర, దానికి అడ్డంగా ఇంకో కర్ర కావాలి. టేపుని ఒంటి వంపు మీదుగా లాగితే ఎత్తు పెరిగిపోతుంది. దర్జీల గుడ్డ టేపు పాతబడితే సాగుతుంది. ఛాతీ టేపు మెత్త మీదకి జరిగి 10 సెంటీమీటర్లు ఎక్కువొస్తే, పై లెక్కలో 23 కిలోలు పెరిగినట్టే.

ఇక జాతి సంగతి. పొడుగ్గా ఉందని జైసల్మేరీ అనేస్తే ఎలాగండీ? జైసల్మేరీకి తల చిన్నది, కాళ్ళు సన్నం, కనుబొమల మీద గుబురు వెంట్రుకలుండవు. బికనేరీకి కళ్ళ పైన నుదుట స్పష్టమైన నొక్కు ఉంటుంది, చాలావాటికి కనుబొమలూ చెవులూ గుబురుగా ఉంటాయి. తల పొడవు, చెవి పొడవు, మెడ, కాళ్ళు, పాదం చుట్టుకొలత విడివిడిగా రాయాలి. మూపురం చూసి జాతి చెప్పకండి. అది కొవ్వు, మేత తగ్గితే కుంగిపోతుంది. 2012లో 4 లక్షలున్న మన దేశపు ఒంటెలు 2019 లెక్కకి రెండున్నర లక్షలకి పడిపోయాయి. ఉన్నవాటికైనా జాతి పేరు సరిగ్గా రాయొద్దా?

కొలతల పక్కన నెల, పళ్ళు కూడా రాయండి. కింది ముందుపళ్ళు ఆరూ శాశ్వతమైనవి రావడానికి సుమారు ఏడేళ్ళు పడుతుంది, అంతకుముందు కొలతలు పెద్దవాటితో పోల్చకూడదు. చలికాలంలో ఎదకొచ్చిన మగ ఒంటె మేత మానేసి చిక్కిపోతుంది. అప్పటి బరువుని ఎండాకాలం బరువు పక్కన పెట్టొద్దు. పొట్ట కింద టేపు వేలాడకుండా పట్టుకోడానికి రెండో మనిషి లేకపోతే ఆ రోజుకి కొలత ఆపేయండి.