క్యాప్చా వారి సముఖానికి, మూడు లాంతర్ల నుంచి

వెబ్‌సైట్ల గుమ్మంలో కూర్చుని, వచ్చినవాడు మనిషో యంత్రమో తేల్చే మహారాజశ్రీ క్యాప్చా వారి సముఖానికి, విజయనగరం మూడు లాంతర్ల దగ్గర నెట్ సెంటర్ నడుపుకునేవాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. నేను క్షేమం. తమరు క్షేమమేనని రోజుకు నలభైసార్లు కళ్ళారా చూస్తూనే ఉన్నాను.

నేను రోబోను కాను. ఈ మాట తమరికి ఇప్పటికి ఎన్ని వేలసార్లు చెప్పానో లెక్క లేదు. పెళ్ళినాడు మా ఆవిడకు అగ్నిసాక్షిగా ఒక మాట ఇచ్చాను. ఒక్కసారే ఇచ్చాను. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ దానితోనే సర్దుకుపోతోంది. తమరికి పదిన్నరకు టిక్కు పెట్టి ఇచ్చిన మాట మాత్రం పది ముప్పై రెండు దాటితే చెల్లదు. ఆ రెండు నిమిషాల్లో నేను చేసిందల్లా లేచి ప్రింటర్‌లో కాగితాలు పెట్టి రావడం. అంతలో నేను యంత్రంగా మారిపోయి ఉంటానని తమరి అనుమానం. మా ఆవిడకూ అప్పుడప్పుడు ఆ అనుమానం వస్తుంది గాని, కారణాలు వేరు.

మాది చిన్న కొట్టు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక లామినేషన్ మిషను, గోడకు వేలాడే దేవుడి క్యాలెండరు. వచ్చేవాళ్ళు ఆదాయ ధ్రువపత్రాలకు, హాల్ టికెట్లకు, పింఛను కాగితాలకు, స్కాలర్‌షిప్పులకు వస్తారు. తమరి అసలు పేరు వాళ్ళలో ఎవరికీ నోరు తిరగదు. కొందరు ‘వంకర కోడు’ అంటారు. చీపురుపల్లి నుంచి వచ్చే ఒక పెద్దాయన మాత్రం తమరిని ‘క్యాప్టెన్’ అంటాడు. ‘క్యాప్టెన్ ఒప్పుకున్నాడా బాబూ?’ అని బయట బెంచీ మీద నుంచే కేక వేస్తాడు. ఒప్పుకోలేదంటే నిట్టూర్చి ఇంకో చుట్ట వెలిగిస్తాడు. ఏ ఆఫీసులోనైనా లోపల ఎవరో ఒకరు ఒప్పుకోకుండా కూర్చుని ఉంటారని ఆయనకు అనుభవం మీద తెలుసు కాబట్టి తమరి మీద ప్రత్యేకంగా కోపం లేదు.

కోపం నాది. రోజంతా ఎదురుగా కూర్చునేది నేను కదా.

మొదట్లో తమరు అక్షరాలు అడిగేవారు. ఈదురుగాలిలో ఆరేసిన బట్టల్లా వంగిపోయిన అక్షరాలు, వాటి మీద అడ్డంగా ఒక గీత. అది సున్నానా, ‘ఓ’ అక్షరమా? ఒకటా, చిన్న ‘ఎల్’ అక్షరమా? నా కొట్లో ముగ్గురం కూడి మెజారిటీ ఓటుతో తేల్చేవాళ్ళం. వంకర్లు తిప్పే శ్రమ తమరికి దేనికని అప్పట్లో జాలి పడేవాణ్ణి. ఒక్కసారి తెలుగులో అడిగి చూడాల్సింది. మా అక్షరాలు పుట్టుకతోనే గుండ్రం. ‘ఘ’కూ ‘ఝ’కూ తేడా చెప్పమంటే పదో తరగతి పాసైనవాడు కూడా ఒక్క క్షణం ఆలోచిస్తాడు. ఏ గీతా అక్కర్లేకుండా పని జరిగిపోయేది.

తరువాత తమరు బొమ్మల్లోకి దిగారు. మా బాధలన్నీ అక్కణ్ణుంచి మొదలు.

‘ఫైర్ హైడ్రెంట్లు ఉన్న గళ్ళు ఎంచుకోండి.’ అగ్నిమాపక దళం వాళ్ళు పైపు తగిలించుకోవడానికి రోడ్డు పక్కన పాతిపెట్టే పొట్టి కుళాయి అది. అమెరికాలో కుక్కలకు కూడా పరిచయమేనట. మనవరాలి స్కాలర్‌షిప్ ఫారం కోసం గజపతినగరం నుంచి వచ్చిన ముసలమ్మ నా భుజం మీద నుంచి తొంగి చూసి, ‘బోరింగు కదా నాయనా? మరి పిడి ఏదీ?’ అంది. న్యాయమైన ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు. తమరి దగ్గరా ఉండదు.

ఇంకోసారి చిమ్నీలు అడిగారు. చిమ్నీ అంటే మా ఇళ్ళలో లాంతరు గాజు, లేదా జూట్ మిల్లు పొగగొట్టం. ఇంటి కప్పు మీద ఇటుకల దిమ్మ కనిపిస్తే మా వాళ్ళు నీళ్ళ ట్యాంకు కట్టుకుంటున్నారనుకుంటారు. పార్కింగ్ మీటర్లు అడిగారు. మా దగ్గర పార్కింగ్ మీటరు అంటే ఈల పట్టుకుని పరుగెత్తుకొచ్చే మనిషి. తాళజాతి చెట్లు అడిగినప్పుడు ఉద్దానం కుర్రాడొకడు కొట్లో ఉన్నాడు. వాళ్ళకు కొబ్బరి అంటే తోబుట్టువు. తెర మీది చెట్టును కాసేపు పరీక్షగా చూసి, ‘ఇది కాయదు’ అని తేల్చేసి ఆ గడి వదిలెయ్యమన్నాడు. వదిలేశాను. ఫలితం తమరికి తెలిసిందే.

అన్నిటికన్నా విడ్డూరం ట్రాఫిక్ లైట్లు. మా కూడలి పేరే మూడు లాంతర్లు. లాంతర్లు ఎక్కడున్నాయో చూపించమని మూడు లాంతర్ల వాడినే నిలదీస్తారా!

డ్రైవరు గారి సంగతి ఇక్కడే చెప్పాలి. ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు గాని, ఆయన రైల్వేలో చేరిన నాటికి ఆ ఉద్యోగానికి డ్రైవరనే పేరు. రాయగడ లైనులో ఏళ్ళ తరబడి గూడ్సు నడిపి రిటైరయ్యారు. నవంబరు వచ్చిందంటే కేంద్ర పింఛనుదారులందరూ తాము బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇవ్వాలి. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక ఆ పని వేలిముద్రతో కంప్యూటర్ దగ్గరే అయిపోతోంది. ఆయన వేలు పెట్టారు. అరిగిన వేలు, మూడోసారికి పడింది. బతికి ఉన్నట్టు రుజువైంది. తరువాత వేరే సైటులో ఒక స్లిప్పు తీసుకోవాలి. అక్కడ తమరు ఎదురయ్యారు. బతికి ఉన్నది సరే, మనిషేనా అన్నారు.

పదహారు గళ్ళు. ఒక పెద్ద రోడ్డు, పైన నీలాకాశం, కుడివైపు సిగ్నల్ స్తంభం. లైట్ల పెట్టె పై వరుసలో పక్కపక్క రెండు గళ్ళలో ఉంది. స్తంభం కింది మూడు గళ్ళలోకి దిగింది. నేను పై రెండూ నొక్కి కిందికి వెళ్ళబోతుంటే ఆయన నా మణికట్టు పట్టుకున్నారు.

‘స్తంభం వదిలేశావు బాబూ.’

‘లైట్లు మాత్రమే అడుగుతోంది, డ్రైవరు గారూ.’

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పారు. ఎరుపు మీద సిగ్నల్ దాటాడంటే లాంతరు దాటాడని కాదు, స్తంభం దాటాడని. ఇంజను ముక్కు స్తంభాన్ని ఒక్క అడుగు దాటినా ఉద్యోగానికి ఎసరు. పాతకాలపు చెయ్యి సిగ్నళ్ళలోనైతే పగటిపూట లాంతరుతో పనే లేదు, స్తంభానికి ఉన్న రెక్క ఎలా ఉందో చూసుకుని నడపడమే. ‘స్తంభం లేని సిగ్నల్ ఏమిటి బాబూ, దీపావళి దీపమా?’

ఆ తర్కానికి ఎదురు చెప్పలేక మూడు గళ్ళూ నొక్కాను. ‘దయచేసి మళ్ళీ ప్రయత్నించండి’ అన్నారు తమరు. ఆయన ముఖం చూడాల్సింది. సర్వీసంతటిలో ఒక్క సిగ్నల్ తప్పని మనిషి. ఒక్క మాట అనలేదు, జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నారు.

ఆ రాత్రి తమరి జాతకం తీసి చూశాను. 2000 ప్రాంతంలో యాహూ కబుర్ల గదుల్లో దొంగ ఖాతాలు మోపైతే, వాటిని అడ్డుకోవడానికి అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్ళు తమరిని రంగంలోకి దింపారు. తమరి పేరులో కంప్యూటర్ శాస్త్రానికి ఆద్యుల్లో ఒకరైన ట్యూరింగ్ గారు కూడా దాగి ఉన్నారట. యంత్రం మనిషినని నమ్మించగలదో లేదో తేల్చడానికి ఆయన 1950లో ప్రతిపాదించిన పరీక్షలో మనిషి న్యాయమూర్తి, యంత్రం బోనులో. తమరి దయవల్ల బోనులోకి మేము వచ్చాం.

తమరి తండ్రుల్లో ఒకరైన లూయిస్ వాన్ ఆన్ తరువాత లెక్క వేసుకున్నారు. రోజుకు 20 కోట్ల క్యాప్చాలు, ఒక్కోదానికి పది సెకన్లు, వెరసి రోజుకు 5 లక్షల గంటల మానవ కాలం బూడిదలో పోసిన పన్నీరు. పాపభీతి కలిగి 2007లో రీక్యాప్చా తెచ్చారు. రెండు మాటలు చూపిస్తారు. ఒకటి జవాబు తెలిసినది, మమ్మల్ని పరీక్షించడానికి. రెండోది పాత పుస్తకంలోదో, న్యూయార్క్ టైమ్స్ పాత సంచికలోదో, కంప్యూటర్ చదవలేక చేతులెత్తేసినది. అంటే పరీక్ష రాయడానికి వెళ్ళిన విద్యార్థి చేత మాస్టారు ఇంటి పద్దులు రాయించుకున్నట్టు. 2009లో గూగుల్ కొనుక్కుంది. 2012లో వీధి ఫోటోల్లోని ఇంటి నంబర్లు చదివించింది. ఆ తరువాతి బొమ్మల సంగతి చెప్పాను కదా, అవీ యంత్రాలకు చూపు నేర్పడానికి పనికొచ్చాయి.

దీన్ని మా వైపు వెట్టి అంటారు. అయినా పుస్తకాలు బతికించిన వెట్టి కాబట్టి ఆ భాగం వరకు క్షమించేస్తాను. నా బాధ వేరు. న్యూయార్క్ వారి పాత పేపర్లకు నా కళ్ళు అరువిచ్చాను. మా అటక మీద మా తాతగారు కట్టలు కట్టిన తెలుగు పత్రికలను చెదలు ఒక్కటే శ్రద్ధగా చదువుతోంది.

ఇంత చేశాక, యంత్రాలను ఆపుతున్నారా అంటే అదీ లేదు. 2023లో కాలిఫోర్నియా పరిశోధకులు 1400 మందిని కూర్చోబెట్టి చూస్తే మనుషుల కన్నా యంత్రాలే తమరిని వేగంగా, తక్కువ తప్పులతో దాటుతున్నాయని తేలింది. 2024లో స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్ వాళ్ళు తమరి బొమ్మల పరీక్షను యంత్రంతో నూటికి నూరు శాతం పాస్ చేయించారు. అంటే నూటికి నూరు వస్తే యంత్రమనీ, రెండుసార్లు తప్పి తిట్టుకుంటే మనిషనీ గుర్తుపట్టాలి. ఆ లెక్కన మా డ్రైవరు గారంత మనిషి జిల్లాలో దొరకడు.

అంతకన్నా పెద్ద చిత్రం, మనిషిలా మాట్లాడే కృత్రిమ మేధ జీపీటీ-4ది. 2023 మార్చిలో దాన్ని విడుదల చేసినవాళ్ళు తమ నివేదికలో తామే రాసుకున్నారు. పరీక్షల్లో భాగంగా దానికి తమరు అడ్డొస్తే, చిన్న పనులు కూలికి చేసిపెట్టే ఒక మనిషిని సాయం అడిగింది. ఆ మనిషి నవ్వులాటకు ‘నువ్వు రోబోవా?’ అన్నాడు. కాదు, నాకు చూపు సరిగ్గా ఆనదు, బొమ్మలు కనిపించవు అని బొంకింది. పాపం అనుకుని ఆయన చేసిపెట్టాడు. నిజంగానే చూపు ఆనని పెద్దవాళ్ళు నా కొట్లో వరుసగా కూర్చుని ఉన్నారు స్వామీ. వాళ్ళు ఆ మాట చెబితే తమరు ఇంకో పదహారు గళ్ళు చూపిస్తున్నారు. చెవి బొమ్మ నొక్కితే అంకెలు వినిపిస్తారు గాని, ఆ హోరులో వాటిని పట్టుకోవడం కన్నా సంతలో పోయిన రూపాయి బిళ్ళ వెతుక్కోవడం తేలిక.

సరే, తీసెయ్యమని అనను. తలుపు తీసి ఉంచితే ఒక్కడే వెయ్యి పేర్లతో వచ్చి మా పిల్లల సీట్లన్నీ బుక్ చేసుకుపోతాడని నాకూ తెలుసు. వెయ్యి క్యాప్చాలకు ఒక డాలరు ప్రాంతంలో కూలి పుచ్చుకుని తమరిని మనుషుల చేతే దాటించే బజారు ఉందని 2010లోనే బయటపడింది. దొంగకు డాలరు చాలు. మాకు పూట పోతోంది.

పరీక్ష పెట్టక తప్పదంటే మా ఊరి పరీక్ష పెట్టండి. పనసచెక్కతో ఒకే దుంగ తొలిచిన బొబ్బిలి వీణ ఏది, అతుకు వీణ ఏది? పలాస జీడిపప్పులో గుండు ఏది, బద్ద ఏది? దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను బొమ్మ పెట్టి, ‘సిరిమాను ఉన్న గళ్ళు నొక్కండి’ అనండి. మాను మొదలు మొదటి గడిలో, కొసన కూర్చున్న పూజారి గారు ఎక్కడో ఆకాశంలో పదహారో గడిలో. మధ్యలో అరటిపళ్ళు గాలిలో ఎగురుతుంటాయి. యంత్రం బుర్ర గోక్కుంటుంది. మా ముసలమ్మలు నొక్కరు, దణ్ణం పెడతారు. వాళ్ళను లోపలికి వదిలేయండి.

నిన్న డ్రైవరు గారు మళ్ళీ వచ్చారు. మళ్ళీ అదే స్లిప్పు, మళ్ళీ తమరు, మళ్ళీ ట్రాఫిక్ లైట్లు. ఈసారి బొమ్మ దగ్గరగా తీసింది, మూడు దీపాలూ స్పష్టంగా ఉన్నాయి, స్తంభం లేదు. హమ్మయ్య అనుకుని మౌస్ కదిపాను. ఆయన అరచెయ్యి నా చేతి మీద పడింది.

‘ఆగు బాబూ. ఎరుపు ఉంది.’

చూస్తే నిజమే. పై దీపం వెలుగుతోంది.

‘అది అమెరికాలో, డ్రైవరు గారూ.’

‘సిగ్నల్‌కు ఏ ఊరైతే ఏమిటి?’

చెయ్యి తియ్యలేదు. నేనూ కదపలేదు. ఫ్యాను గాలికి క్యాలెండరు గోడకు కొట్టుకుంటోంది. బెంచీ మీది పెద్దాయన ‘క్యాప్టెన్ ఏమన్నాడు?’ అని అడిగాడు, మేమిద్దరం పలకలేదు. కాసేపటికి గడువు ముగిసిందని తెర మీద అక్షరాలు పడ్డాయి. డ్రైవరు గారు ఏమీ నొచ్చుకోలేదు. చెయ్యి తీసి, గోడ గడియారం చూసుకుని, నా ఎదురుగా ఉన్న పద్దు పుస్తకం వైపు గడ్డంతో చూపించారు.

‘సిగ్నల్ దగ్గర ఎంతసేపు ఆగామో రాసి ఉంచు. తరువాత అడుగుతారు.’

రాసి ఉంచాను.

ఇట్లు,
తమరి సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న
నెట్ సెంటర్ వాడు,
మూడు లాంతర్లు, విజయనగరం.