గోడ ప్లగ్గు

రామనాథం: శారదా, సోలార్ ప్యానెళ్ల అబ్బాయిని రావద్దని చెప్పేశాను.

శారద: మళ్లీనా! ఇది మూడోసారి.

రామనాథం: ఇంట్లోనే అణువిద్యుత్తు పుట్టబోతుంటే కప్పు మీద ఆ అద్దాలెందుకు? శీతల సంలీనం అంటారు దీన్ని; విపరీతమైన వేడి లేకుండానే పరమాణు కేంద్రకాలు కలిసి శక్తినిస్తాయి. చిన్న పెట్టె, అందులో కాస్త నికెల్ పొడి, హైడ్రోజన్. పొగ లేదు, మంట లేదు.

శారద: కరెంటు ఉందా?

రామనాథం: వెటకారం వద్దు. 1989 మార్చి 23న అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఫ్లైష్‌మన్, పాన్స్ అనే రసాయన శాస్త్రవేత్తలు చెప్పలేదూ! భారజలంలో, అంటే మామూలుదానికన్నా బరువైన భారహైడ్రోజన్ ఉన్న నీళ్లలో, పల్లేడియం లోహపు కడ్డీ పెట్టి కరెంటు పంపితే, ఇచ్చినదానికన్నా ఎక్కువ వేడి వచ్చింది.

శారద: తర్వాత ఎమ్‌ఐటీ, కాల్‌టెక్ విశ్వవిద్యాలయాల వాళ్లు అదే ప్రయోగం చేసి చూస్తే?

రామనాథం: ...వాళ్లకు చేతకాలేదు.

శారద: గూగుల్ డబ్బిచ్చి చేయించిన బృందానికీ చేతకాలేదా? ఆధారం దొరకలేదని 2019లో రాశారుగా.

రామనాథం: నీకివన్నీ ఎలా తెలుసు?

శారద: మీరు ఆ అబ్బాయిని వెనక్కి పంపిన ప్రతిసారీ కాస్త చదివాను. భారహైడ్రోజన్ కేంద్రకాలు రెండు కలిస్తే, దాదాపు సగం సార్లు న్యూట్రాన్ అనే కణం బయటపడాలట. చెప్పినంత వేడి అలాగే పుట్టి ఉంటే, ఆ న్యూట్రాన్ల ధాటికి పక్కన నిలబడ్డవాళ్లు బతకరు. వాళ్లిద్దరూ నిక్షేపంగా ఉన్నారు. అదే అనుమానం!

రామనాథం: బతికి ఉండడం కూడా తప్పేనా? న్యూట్రాన్లు రాని కొత్తరకం చర్య కావచ్చు.

శారద: మీ తమ్ముడి ఉద్యోగంలాగా. ఉందంటారు, జీతం మాత్రం ఎవరికీ కనబడదు.

రామనాథం: మధ్యలో వాడెందుకు? పైన ఏమిటా చప్పుడు?

శారద: పిల్లి. మాట మార్చకండి.

రామనాథం: 2023లో అమెరికా ప్రభుత్వం దీని మీద పరిశోధనకు కోటి డాలర్లు కేటాయించింది, తెలుసా?

శారద: ఇళ్లకు పెట్టెలు పంచడానికా?

రామనాథం: కాదు... అసలు ఉందో లేదో తేల్చడానికి.

శారద: ఉందో లేదో తేలని దానికోసం, రోజూ వచ్చే సూర్యుణ్ణి గుమ్మంలోంచే పంపేశారా! అక్కడ జరిగేదీ కేంద్రక సంలీనమే కదండీ. ఏ బెడదా మనకు లేకుండా, అంత దూరాన ఉండి మరీ పంపుతున్నాడు.

రామనాథం: రాత్రిపూట పంపడుగా!

శారద: (ఒక్క క్షణం ఆగి) సరే, ఒప్పుకున్నాను. మీ పెట్టె రాత్రిపూట మొదలవ్వాలంటే ఏం చేయాలి?

రామనాథం: ముందు లోపల వేడెక్కించాలి. దానికి కాస్త కరెంటు...

శారద: ఎక్కడినుంచి?

రామనాథం: గోడ ప్లగ్గు నుంచి.

శారద: అయితే ఈ బిల్లు కట్టండి. గడువు ఈరోజే.

రామనాథం: (బిల్లు చూసి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ చూసి) ఆ అబ్బాయి నంబరు నీ దగ్గర ఉందా?

శారద: నంబరెందుకు? గంట నుంచీ మేడమీద కొలతలు తీసుకుంటున్నాడు.

రామనాథం: పిల్లి అన్నావు!