నీళ్లలో పడ్డ చిన్న కుటుంబం

పర్లాకిమిడిలో పాత ట్రంకుపెట్టె తెరిస్తే కలరా ఉండలు, పట్టుచీర, తాతగారి ఉత్తరాల కట్ట ఖాయం. ఆ కట్టలో 15 పైసల కుటుంబ నియంత్రణ తపాలా బిళ్ల కనబడిందా, ఇక ఇంట్లో అందరూ నిపుణులే. 1966 డిసెంబరు 12న విడుదలైన బిళ్ల అది. 1952లోనే కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలెట్టిన సర్కారు, గోడల మీద రాసి చాలక, ఉత్తరాల మీద కూడా చెప్పింది. ఈ ఉత్తరం అందుకున్న నాయనమ్మకి అప్పటికే ఆరుగురు.

"ఏటిరా అది?"

"చిన్న కుటుంబం పెట్టుకోమని చెప్పే బిళ్ల, నాయనమ్మా."

"ఇప్పుడా చెప్పడం!"

తపాలా ముద్ర స్పష్టంగా పడి ఉంటే కవరుని కదపకపోవడమే మేలు. బిళ్ల కన్నా ముద్రతో ఉన్న కవరుకే విలువెక్కువ. ఆ మాట మనవడి చెవికెక్కితే కదా! గోళ్లతో పీకబోయాడు. వెనక కాగితం పొర లేచిపోతే బిళ్ల పలచబడుతుంది, ఆ మచ్చ మళ్లీ పూడదు. పెద్దకోడలు కుక్కరు ఆవిరి పట్టమంది. వేడికి రంగు వెలిసి, బిళ్ల చుట్ట చుట్టుకుంటుంది.

పద్ధతి ఇదీ: బిళ్ల చుట్టూ అరంగుళం కాగితం వదిలి కత్తిరించాలి. వెడల్పాటి పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి, బొమ్మ పైకి ఉండేలా తేలెయ్యాలి. పావుగంట, ఇరవై నిమిషాలకి తనంతట తనే జారుతుంది. జారకపోతే ఇంకాస్త ఆగాలి, లాగకూడదు. తర్వాత వేరే నీళ్లలో వెనకవైపు వేలితో మెల్లగా రాసి బంక పూర్తిగా వదిలించాలి. ఇదంతా వాడిన బిళ్లకే. వాడని దాన్ని నీళ్లలో వేస్తే బంకతోపాటు ధరా పోతుంది. అలాంటివి నాలుగు ఒకే పొట్లంలో ఉంటే ఆషాఢం చెమ్మకి అతుక్కుని ఉమ్మడి కుటుంబమైపోతాయి. మూత ఉన్న డబ్బాలో తడి స్పాంజి, దానిపై నీళ్లు తగలకుండా జల్లెడ, జల్లెడ మీద బిళ్లలు ఉంచితే కొన్ని గంటలకి ఒక్కొక్కటే వేరుపడతాయి. వేరు కాపురాలకి ఇంతకన్నా మర్యాదైన దారి లేదు.

మనవడు నానబెట్టడం బాగానే నానబెట్టాడు. కానీ చిరునామా ఎర్రసిరాతో ఉందని చూడలేదు. పళ్లెమంతా పారాణి, సర్కారువారి కుటుంబమంతా గులాబీ రంగు. కంగారులో రెండోసారి కడగడం మరిచాడు. ఫ్యాను కింద ఆరబెడితే ఎగిరి మంచం కిందకి పోయింది. వెతికి తెచ్చి, బొమ్మ కిందకి పెట్టి అద్దుడు కాగితం మీద ఆరబెట్టాల్సింది పోయి, బంకవైపు ఆదివారం పేపరు మీద ఆనించి, పైన పంచాంగాలు పేర్చాడు.

తెల్లారి ఎత్తితే పేపరు ముక్కతో సహా లేచింది. నాయనమ్మ కళ్లజోడు సవరించుకుని వెనక్కి తిప్పి చదివింది: "వధువు కావలెను."

"పెళ్లి ముందు, నియంత్రణ తర్వాత. బిళ్లకైనా వరస తెలిసింది" అంది.