ఇండీ గేమ్స్‌కి స్విచ్ ఒక్కటే దిక్కా?

ఈ వాట్సాప్ మెసేజ్ నాకు రావడం ఇది మూడోసారి. మొదట మా ఇంజినీరింగ్ బ్యాచ్ గ్రూపులో, తర్వాత ఆఫీసు గ్రూపులో, నిన్న పొద్దున మా బామ్మర్ది నుంచి. "ఇండీ గేమ్స్ ఆడాలంటే నింటెండో స్విచ్ ఒక్కటే, మిగతావన్నీ దండగ" అని మొదలై, కింద ఆరు పాయింట్లు, చివర చేతులు జోడించిన బొమ్మ. పదిమందికి పంపమని వేడుకోలు కూడా. ఇండీ గేమ్స్ అంటే పెద్ద కంపెనీల అండ లేకుండా ఒకరో, చిన్న బృందమో చేసుకునే గేమ్స్. స్విచ్ అంటే నింటెండో వాళ్లు చేసే, చేత్తో పట్టుకుని ఆడే గేమ్ యంత్రం.

మంచి ఇండీ గేమ్స్ అన్నీ ముందు స్విచ్‌లోనే వస్తాయట. అండర్‌టేల్ 2015లో పీసీలో వచ్చింది, స్టార్‌డ్యూ వ్యాలీ 2016 ఫిబ్రవరిలో. స్విచ్ అనే వస్తువు అంగళ్లలోకి వచ్చిందే 2017 మార్చిలో! హాలో నైట్‌ని మేం పీసీలో ఆడి, ఓడి, మరిచిపోయాక 2018 జూన్‌లో అది స్విచ్‌కి చేరింది. పుణేవాళ్లు చేసిన రాజీ అనే గేమ్ మాత్రం 2020 ఆగస్టులో నిజంగానే ముందు స్విచ్‌లో వచ్చింది, మిగతావాళ్లం అక్టోబరు దాకా ఆగాం. ఆ ఒక్కటీ స్విచ్ ఖాతాలో వేసుకోవచ్చు.

పీసీ అంటే లక్ష రూపాయల గ్రాఫిక్స్ కార్డు కావాలన్నది రెండో పాయింటు. స్టార్‌డ్యూకి చాలిన ర్యామ్ 2 జీబీ. డిస్కులో 500 ఎంబీ. కాలేజీలో చేరేటప్పుడు నాన్న కొనిచ్చిన లాప్‌టాప్‌లో, రెండు కీలు ఊడిపోయి, ఛార్జర్ తీస్తే పది నిమిషాల్లో ఆరిపోయే దాంట్లో, నేను మూడేళ్లుగా ఆ గేములో వంకాయలు పండిస్తున్నాను. మా తిరుపతిలో ఇలాంటి లాప్‌టాప్ లేని ఇల్లు ఎన్నని? స్విచ్ సంగతి చూద్దామా. నింటెండో దాన్ని మన దేశంలో అధికారికంగా అమ్మదు, దాని ఆన్‌లైన్ అంగడి ఈషాప్‌లో ఇండియా పేరే ఉండదు. మా బామ్మర్ది చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్లి పాతిక వేలు పోసి తెచ్చాడు. వాళ్ల పాప దాని మీద సాంబారు పోసినప్పుడు సర్వీస్ సెంటర్ ఎక్కడని అడిగాడు. ఎక్కడుంటుంది, కొండ మీదా? మళ్లీ చెన్నై బస్సే ఎక్కాడు.

పీసీ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ అంగడి స్టీమ్ నిండా చెత్త అన్నది మూడో పాయింటు. ఒప్పుకుంటాను. వంద డాలర్లు కడితే ఎవరైనా గేమ్ పెట్టవచ్చు, 2024లో ఒక్క ఏడాదే 18 వేలకు పైగా వచ్చాయి. రైతుబజారులో పుచ్చు వంకాయలున్నాయని బజారుకే వెళ్లడం మానేస్తామా? కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బులు వెనక్కిస్తారు. ధర రూపాయల్లోనే కనిపిస్తుంది.

చిన్న గేమ్స్ పెట్టుకునే వెబ్‌సైట్ ఇచ్.ఐఓలో ఉండేవన్నీ పిల్లల ఆటలట. పేరున్న ఇండీ గేమ్ సెలెస్ట్ మొదటి రూపం 2016లో నాలుగు రోజుల్లో చేసిన చిట్టి ఆట. ఇప్పటికీ అక్కడ బ్రౌజర్‌లోనే ఉచితంగా ఆడొచ్చు. ఆడి చూసి, అది పిల్లల ఆటో కాదో మీ బొటనవేళ్లనే అడగండి. ఫోన్‌లో ఆడేవి గేమ్సే కావన్నవాడికి పేకముక్కలతో ఆడే ఇండీ గేమ్ బలాట్రో ఫోన్‌లో ఉందని చెప్పండి చాలు.

ఇక నన్ను ఈ రాతకు కూర్చోబెట్టింది ఆరో పాయింటు. "స్విచ్ కొనలేనివాళ్లు పీసీలో క్రాక్ వేసుకోండి. చిన్న కంపెనీలకు దానివల్ల నష్టం లేదు, ఉచిత ప్రచారం వస్తుంది." క్రాక్ అంటే డబ్బు కట్టకుండా ఆడేందుకు గేమ్ తాళం విరగ్గొట్టిన దొంగ కాపీ. లీలామహల్ సర్కిల్‌లో బండి దగ్గర నాలుగు ఇడ్లీ తిని, "అక్కా, డబ్బులివ్వను, పదిమందికి చెప్తాలే" అనండి. చట్నీ గరిటె ఎటు తిరుగుతుందో చూసి, ప్రచారం గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

చిన్న కంపెనీ అంటే ఎంత చిన్నదో ఈ మెసేజ్ రాసినాయనకు తెలిసినట్టు లేదు. స్టార్‌డ్యూ బొమ్మలు, సంగీతం, కోడ్, కథ అన్నీ ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి నాలుగేళ్లకు పైగా కూర్చుని చేసినవి. రాజీ వాళ్లు 2017లో జనం దగ్గర డబ్బు పోగుచేసే వెబ్‌సైట్ కిక్‌స్టార్టర్‌లో చందాలు అడిగితే కావలసినంత పోగు కాలేదు, అయినా పట్టు వదలకుండా ముగించారు. ఐదొందల గేమ్ కొంటే స్టీమ్ తన వంతు 30 శాతం తీసుకుంటుంది, పన్నులు పోను మిగిలేదే వాళ్ల అన్నం. పెద్ద కంపెనీకి మీ ఐదొందలు లెక్కలోకి రావేమో. ఇక్కడ ఆ ఐదొందలే నెల కరెంటు బిల్లు.

అంత నీతి వద్దంటారా, మీ లాప్‌టాప్ గురించే చెప్తాను. మా వీధిలో డిగ్రీ చదివే అబ్బోడు ఎవరో పంపిన లింకులో క్రాక్ దించుకున్నాడు. ముందు యాంటీవైరస్ ఆపేయమని అందులోనే రాసి ఉంది, బుద్ధిగా ఆపాడు. మర్నాటికి వాడి మెయిల్ పాస్‌వర్డ్ వేరేవాళ్ల చేతిలో ఉంది. రాత్రి రెండింటిదాకా నేనే కూర్చుని ఫార్మాట్ చేశాను. వాళ్లక్క పెళ్లి ఫొటోలు కూడా అందులోనే పోయాయి. గేమ్ కొనే మూడొందలు మిగిలాయి పాపం.

ఉచితమే కావాలంటే ఎపిక్ స్టోర్ అనే మరో ఆన్‌లైన్ అంగడి వారం వారం గేమ్స్ ఊరికే ఇస్తోంది, దొంగతనం చేయాల్సిన పనేముంది?

ఇదంతా రాశాక ఒక నిజం దాచడం బాగుండదు. కిందటి నెల చెన్నై పనికి సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తూ బామ్మర్ది స్విచ్ అడిగి తీసుకున్నాను. సెలెస్ట్ మొదలుపెడితే పుత్తూరు ఎప్పుడు దాటిందో తెలియదు, తిరుత్తణి చూడలేదు, పక్కాయన కాళ్లు తీయమని రెండుసార్లు అడిగాడట. నా లాప్‌టాప్‌తో ఆ రైల్లో ఆ పని జరగదు. వెనక్కి ఇవ్వడానికి తొమ్మిది రోజులు పట్టింది. వాడు అడిగినప్పుడల్లా ఛార్జర్ కనబడలేదని చెప్పాను.